ఆదివారం తరువాత ఆరు రోజులు

(సంఘ సభ్యుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



క్రైస్తవ విశ్వాసం నిత్యజీవితంలో ఎలా ఉండాలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. ఈ సభలో అన్ని మతాలవారూ ఉన్నారు. ఏళ్ల తరబడి ఒకే కప్పు కింద పనిచేసి, ఒకరి క్యారియర్‌లో కూర మరొకరం పంచుకున్నవాళ్లం. కనుక నేను మతబోధ చేయబోవడం లేదు. నేను నమ్మిన విశ్వాసం ఇంట్లో, వీధిలో నా నుంచి ఏమి కోరుతుందో అంతవరకే మనవి చేస్తాను.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మనం మన ఇంటికి చుట్టాల్లాగా వచ్చిపోయేవాళ్లం. రిటైరయ్యాక తెల్లవారితే అవే ముఖాలు, అదే వరండా. మన భక్తి ఏపాటిదో పాస్టరుగారి కంటే భార్యకు, కోడలికి, పనిమనిషికి బాగా తెలుస్తుంది. ఆదివారం చర్చిలో గంటన్నర బుద్ధిగా కూర్చోవడం కష్టం కాదు. అసలు పరీక్ష మిగతా ఆరు రోజులదీ.

మత్తయి సువార్త 5వ అధ్యాయంలో యేసుప్రభువు ఒక విచిత్రమైన క్రమం చెప్పాడు. నువ్వు బలిపీఠం దగ్గరకు కానుక తెచ్చావు. నీ సోదరుడికి నీ మీద ఏదో మనస్తాపం ఉందని అక్కడ గుర్తుకొచ్చింది. అప్పుడు కానుక అక్కడే విడిచి, ముందు వెళ్లి అతనితో సమాధానపడి, ఆ తరువాత వచ్చి అర్పించమన్నాడు. తప్పు ఎవరిదని అక్కడ విచారణ లేదు. ఎవరికి గుర్తుకొచ్చిందో వారే లేచి వెళ్లాలి.

మన కుటుంబాల్లో ఇలాంటి బాకీలు లేని ఇల్లు అరుదు. తండ్రిగారి ఇంటి వాటా దగ్గర మాట పోయింది. పెళ్లిలో పిలుపు సరిగా లేదని రాకపోకలు ఆగాయి. పదేళ్లు, పదిహేనేళ్లు గడిచాయి. ఇప్పుడు మనకు డెబ్భై దాటాయి. ‘వాడే రావాలి’ అని ఇద్దరూ కూర్చుంటే, చివరికి ఎవరో ఒకరు రెండోవారి దినానికి వెళ్లవలసి వస్తుంది. అప్పుడు మాట్లాడుకోవడానికి ఏముంటుంది?

అయితే రాజీ అంటే ఏమిటో కూడా సరిగా తెలుసుకోవాలి. బైబిలులో ఫిలేమోనుకు వ్రాసిన పత్రిక అని ఒకటి ఉంది. ఒకే అధ్యాయం, 25 వచనాలు. దాన్ని వ్రాసిన పౌలు అప్పటికి చెరలో ఉన్నాడు, తనను వృద్ధుడనని చెప్పుకున్నాడు. కనుక అది మన వయసువారి ఉత్తరం అనుకోవచ్చు. ఫిలేమోను కలిగినవాడు, అతని ఇంట్లోనే విశ్వాసులు కూడేవారు. ఒనేసిము అతన్ని విడిచిపోయిన దాసుడు. ఇద్దరి మధ్యా పౌలు పెద్దరికం చేశాడు.

ఎలా చేశాడో చూడండి. ఒనేసిమును ఉత్తరంతో పంపిస్తూ, ఇతన్ని ఇక దాసుడిగా కాదు, ప్రియ సోదరుడిగా చేర్చుకో, నన్ను చేర్చుకున్నట్టే చేర్చుకో అని యజమానిని అడిగాడు. అతను నీకు ఏమైనా బాకీ ఉంటే నా లెక్కలో వేయి, నేను తీరుస్తాను అని స్వహస్తంతో వ్రాసి ఇచ్చాడు. అకౌంట్స్ సెక్షన్లో పనిచేసినవారికి ఈ మాట బరువు ఇట్టే అర్థమవుతుంది.

మన ఇళ్లలో పెద్దరికం సాధారణంగా దీనికి తలకిందులుగా ఉంటుంది. కోడలు కన్నీళ్లు పెట్టుకుంటే ‘సర్దుకుపో తల్లీ’ అంటాం. కూతురు దెబ్బలు తిని పుట్టింటికి వస్తే ‘సంసారం అన్నాక తప్పదు’ అని బస్సెక్కిస్తాం. బలం లేనివారికి సర్దుకుపొమ్మని చెప్పడం రాజీ కాదు. బలం ఉన్నవాడిని దిగిరమ్మని అడగడం, అందుకయ్యే ఖర్చులో కొంత తాను భరించడం, అదీ పెద్దరికం. కొడుకును కూర్చోబెట్టి ‘తప్పు నీది’ అని చెప్పగల తండ్రి ఆ ఇంట్లో వేదపఠనం చేస్తే దానికి విలువ ఉంటుంది.

ఇది పుస్తకాల్లో మాట మాత్రమే కాదు. మన దోర్నకల్‌లో బిషప్‌గా పనిచేసిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారి జీవితం చూడండి. ఆయన 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. 1909లో దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, మారుమూల గ్రామాల పేదల మధ్య పనిచేశారు. 1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వెయ్యిమందికి పైగా ప్రతినిధులు, ఎక్కువమంది తెల్లవారే. 35 ఏళ్ల అజరయ్యగారు లేచి, మీరు త్యాగాలు చేశారు, దానధర్మాలు చేశారు, కానీ మమ్మల్ని మీ బల్ల దగ్గర సమానులుగా కూర్చోనివ్వడం లేదు, మాకు కావలసింది స్నేహం అనే అర్థం వచ్చేలా మాట్లాడారు. కొందరికి కోపం వచ్చింది. అయినా ఆ మాట నిలిచింది. 1912లో ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1945లో దోర్నకల్‌లోనే కన్నుమూశారు.

ఆయన అడిగింది కుర్చీ. మరి మన ఇంట్లో పనిచేసే ఆమెకు కుర్చీ ఉందా? ఆమె టీ తాగే గ్లాసు వేరుగా గూట్లో పెట్టి ఉందా? క్రైస్తవులం కనుక మాకు ఆ పట్టింపులు లేవని అనుకోవద్దు. కులం చూసి సంబంధాలు కలుపుకోవడం, దూరంగా కూర్చోవడం మన చర్చీల్లోనూ ఉంది. ప్రభురాత్రి భోజనంలో ఒకే రొట్టె తిని, ఇంటికొచ్చి గ్లాసులు వేరు చేస్తే ఆ రొట్టెకు అర్థం లేదు.

దోర్నకల్ ప్రాంతపు పేద స్త్రీలు నేర్పిన మరో పాఠం పిడికెడు బియ్యం. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేసేవారు. అది నిండాక చర్చికి కానుక. ధనికులు విరాళం ఇచ్చి ఏడాదిపాటు మరచిపోవచ్చు. ఈ తల్లులు మాత్రం పొయ్యి వెలిగించినప్పుడల్లా దేవుణ్ణి, పొరుగువారిని తలచుకునేవారు. విశ్వాసం నిత్యజీవితంలోకి రావడమంటే ఇదే.

మన పిడికెడు ఏమిటి? డబ్బే కానక్కరలేదు. మంచాన పడిన పాత సహోద్యోగి దగ్గర వారానికి ఒక గంట కూర్చోవడం. కుటుంబ పెన్షన్ కోసం తిరిగే ఒక వితంతువుకు ఫారం నింపిపెట్టడం. పాస్‌బుక్, నామినేషన్, అప్పుల వివరాలు భార్యకు ఇప్పుడే విప్పి చెప్పడం. రేపు ఆమె ఎవరి చేతికిందా ఉండకుండా చూడడం కూడా ప్రేమే, భక్తే.

ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి బ్రతికే ఉన్నామని రుజువు చేసుకుంటాం. మన విశ్వాసం బ్రతికి ఉందని సర్టిఫికెట్ ఇవ్వవలసింది మాత్రం ఇంట్లోవాళ్లే. మాటలు ఆగిపోయిన అన్నో, తమ్ముడో, ఆడబిడ్డో ఎవరికైనా ఉంటే, ఈ వారంలోనే ఒక ఫోను చేయండి. ‘ఎలా ఉన్నావు?’ అన్న మాటతో మొదలుపెడితే చాలు.

 అందరికీ దేవుడు ఆరోగ్యాన్ని, ఇంట్లో శాంతిని ప్రసాదించాలని ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను.