ఆపరేషన్ అయినది, ఇంకేమి భయము?

సుఖవ్యాధులను గూర్చి మాటలాడుమని నన్ను పిలిచిన పెద్దలు ఆహ్వానపత్రికలో మాత్రము 'ఆరోగ్యోపన్యాసము' అని అచ్చు వేయించిరి. వారిని తప్పు పట్టను. ఆ పత్రిక పెండ్లి శుభలేఖల నడుమ ఇంటింటికిని పోవలసినది గదా.

నేడు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినను, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతముల మనము కృష్ణాజిల్లా మెట్టవారమే. హైదరాబాదు రహదారి గరికపాడు వద్ద మన రాష్ట్రమున ప్రవేశించి, చిల్లకల్లు మీదుగా, నందిగామ మీదుగా, కీసర దాటి బెజవాడకు పోవుచున్నది. జయంతిపురము, ముక్త్యాల సిమెంటును, మన చేల ప్రత్తి మిరపలును లారీల మీదనే లోకమును చూచును. 1986లో మద్రాసున తొలిసారిగా మన దేశమున బయల్పడిన హెచ్.ఐ.వి. ఇట్టి రహదారులను విడిచిపెట్టలేదు. 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అను ప్రశ్న సుమారు ఇరువది యేండ్ల క్రిందట ఊరూర బోర్డులకెక్కినపుడు, ఆ పులిరాజా యెవరో తెలియక జనులు నవ్వుకొనిరి, వాదించుకొనిరి, తుదకు జబ్బు పేరు మాత్రము మరువలేక పోయిరి. ఆ ప్రచారము వ్యర్థమైనదని నేననను. 2004 ఏప్రిల్ నుండి ప్రభుత్వము ఏ.ఆర్.టి. మందులను ఉచితముగా నిచ్చుటచే, మరణశాసనము వలె తోచిన వ్యాధి నిత్యము మాత్ర మ్రింగుచు సంసారము నడుపుకొనదగినదైనది. అయినను 2021 అంచనాల ప్రకారము వయోజనులలో ఈ సూక్ష్మజీవి గలవారు దేశమున 0.21 శాతము కాగా, మన రాష్ట్రమున 0.67 శాతము.

నా అభియోగ మొక్కటే: మనము చెప్పిన జ్ఞానము లారీ వరకు పోయినది, ఇంటి గడప దాటలేదు.

చిల్లకల్లు వంటి కూడలిలో రాత్రి తొమ్మిది దాటిన పిమ్మట మెడికల్ షాపు ముందు లారీ నాపి దిగిన మనిషి, పిల్లవానికి దగ్గు సిరపు కొనవచ్చిన ఇల్లాలు వెడలిపోవు వరకు ప్రక్కనున్న బడ్డీకొట్టు చెంత నిలిచి, పిదప కౌంటరు మీదికి వంగి, “వేడి చేసిందండీ, ఒంటికి పోతుంటే మంట, ఏదైనా ఇవ్వండి” అనును. ఇంజను సెగ ఒంటికెక్కినదని యాతని నమ్మకము. సబ్జాగింజలును మజ్జిగయు త్రాగి చూచియే వచ్చినాడు. దుకాణదారుడును మారు ప్రశ్న లేక నాలుగు మాత్రలు కత్తిరించి, కాగితమున పొట్లము గట్టి యిచ్చును. ఆ నాలుగు మాత్రలు గనోరియాను చంపినవో, మొండిబారజేసినవో పరీక్షించువారు లేరు. ఆతడు మాత్రము మంట తగ్గినదని సంతోషించుచు ఇల్లు చేరును.

ఇదే మనిషి ప్రభుత్వాసుపత్రిలోని సురక్ష క్లినిక్‌కు పోయినయెడల, లక్షణమును బట్టి బూడిదరంగు పొట్లము నిచ్చెదరు; తెల్లబట్టకు ఆకుపచ్చది, పొత్తికడుపు నొప్పికి పసుపుపచ్చది, పుండునకు తెల్లనిది. భార్యకును చికిత్స చేయించుట ఈ పద్ధతిలో సగభాగము. కాని ఇంటికి పోయి “నీవును మ్రింగుము” అనుటకు మగవానికి నోరు రాదు, ఏమని చెప్పవలయును? ఆమె పొట్లము లారీ డాష్‌బోర్డులోనే యెండిపోవునని నా యనుమానము.

ఆమెకు మంట యుండదు, చీముండదు. గనోరియా, క్లమీడియాలు స్త్రీలలో తరచుగా ఏ చిహ్నమును చూపకయే పైకి ప్రాకి, అండవాహికలను మూసివేయును. మూడేండ్లు గడచును, బిడ్డ కలుగదు. నోములు పట్టుదురు, మొక్కుకొందురు, తుదకు గొడ్రాలని పేరు పెట్టుదురు. పేరు పెట్టిన అత్తగారికిని, పడిన కోడలికిని ఆ బూడిదరంగు పొట్లము సంగతి తెలియనే తెలియదు. తెలిసిన ఒక్క మనిషి మాటలాడడు.

బిడ్డలు కలిగిన యింట మరియొక చిక్కు. 1968లో ప్రభుత్వము నిరోధ్‌ను మూడు పదిహేను పైసలకు అమ్మించినపుడు దానిని సంతాననియంత్రణ సాధనముగనే జనులకు పరిచయము చేసినది. మన రాష్ట్రమున వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ట్యూబెక్టమీ చేయించుకొన్నవారని 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే చెప్పుచున్నది. వారిలో పెక్కుమందికి ఆపరేషన్ నాటికి ఇరువదియైదేండ్లు నిండలేదు. అందుచే “ఆపరేషన్ అయిపోయింది, ఇక అది ఎందుకు?” అనుట మన యిండ్లలో సహజమైన మాట. గర్భము రాకుండ నాపిన కత్తి రోగమును ఆపదు. ఆ తరువాత ముప్పదేండ్ల దాంపత్యమున ఆమెకు రక్షణ యేమియు లేదు. భర్తను నిరోధ్ వాడుమని యడిగినచో అది అనుమానము క్రింద లెక్క, ఆతడే తెచ్చినచో నేరము నొప్పుకొన్నట్లు లెక్క. నిరోధ్ హెచ్.ఐ.వి.ని, గనోరియాను చక్కగ నడ్డగించును. అది కప్పని చర్మము నుండి సంక్రమించు సవాయి (సిఫిలిస్), హెర్పిస్ వంటివానిని కొంతవరకే యడ్డగించునని గూడ దాచక చెప్పవలయును.

సవాయి మరింత మాయలమారి. పుండు నొప్పి పెట్టదు, కొన్ని వారములలో తనంత తానే మానును, ఆర్.ఎం.పీ. గారిచ్చిన పూతమందునకు ఖ్యాతి వచ్చును, రోగము మాత్రము నెత్తురులో నిలిచియుండును. గర్భిణికి సోకినచో మృతశిశువు పుట్టవచ్చును. దానిని మనము గ్రహణము మీదను, దృష్టిదోషము మీదను త్రోసివేసితిమి. తొలిదశలో బెంజథీన్ పెన్సిలిన్ సూది ఒక్కటి చాలును. గర్భిణులకు ఏ.ఎన్.ఎం. చేయించు రక్తపరీక్షలో ఈ రోగము తేలును. ఇల్లాలికి ఈ వ్యాధుల మాట చెవిని బడుట తరచుగా ఆనాడే. అదియు ఒంటరిగా, చేతిలో కాగితము పట్టుకొని, పక్క బల్ల మీద మరి నలుగురు కూర్చుండి వినుచుండగా.

ఎయిడ్స్ పేరు ఎరుగనివారు నేడు అరుదు. అయినను పై సర్వేలోనే హెచ్.ఐ.వి.ని గూర్చి సమగ్రజ్ఞానము గలవారు దేశమున స్త్రీలలో 21.6 శాతము, పురుషులలో 30.7 శాతము. దోమకాటుతో రాదనియు, ఆరోగ్యవంతునివలె కనబడువానికిని ఉండవచ్చుననియు తెలియుట గూడ ఆ సమగ్రజ్ఞానములోనిదే. 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టము రోగి అనుమతి లేక పరీక్ష చేయరాదనియు, స్థితిని బయటపెట్టరాదనియు శాసించినది. చట్టము మంచిదే, మన ఆసుపత్రి వరండాలకు తలుపులు లేవు.

ఉపాధ్యాయులకు చెప్పదలచినది బహు స్వల్పము: పునరుత్పత్తి పాఠము వచ్చినపుడు “ఇంట్లో చదువుకోండి” అని పుట త్రిప్పకుడు. ఆశా చెల్లెండ్రకు: గర్భిణి పరీక్షకు వచ్చిన దినముననే భర్తను గూడ రమ్మనుడు, తప్పు చేసినవానిగా గాక తండ్రి కాబోవువానిగా పిలిచినచో ఆతడు వచ్చును. పేరు చెప్ప నక్కరలేక తెలుగులో సందేహము లడుగుటకు 1097 అను ఉచిత ఫోను కలదు. ఆ సంఖ్య దాబాల గోడల మీద చాలకాలముగ నున్నది, ఇకనైన ఏ.ఎన్.ఎం. గారి గదిలోను వ్రాయింపుడు.

ఇక మందుల వర్తకులు. రాత్రి తొమ్మిది గంటలకు కౌంటరు మీదికి వంగి వేడి చేసినదనువానికి మాత్రలు కత్తిరించు ముందు, పెద్దాసుపత్రికి పొమ్మని చెప్పి, ప్రక్కవారికి వినబడకుండ మరొక్క మాట యడుగుడు: “ఇంట్లో అమ్మాయికి కూడా చూపించావా, తమ్ముడూ?”