చవక ప్రింటర్ కొంటున్నారా? ముందు ఈ లెక్క చూడండి!

మా బాబాయి కాలేజీ దగ్గర చిన్న జిరాక్స్ షాపు పెట్టాడు. చవగ్గా వస్తోందని ఒక లేజర్ ప్రింటర్ కొన్నాడు. నెల తిరక్కుండానే ఫోన్: "ఒరేయ్, టోనర్ అయిపోయిందిరా! కొత్తది 3,000 అంట!"

ఏం జరిగిందంటే, కొత్త ప్రింటర్‌తో చాలావరకు స్టార్టర్ టోనరే ఇస్తారు. అందులో పొడి తక్కువ ఉంటుంది.

అవును, పొడే. లేజర్ ప్రింటర్‌లో ఇంకు ఉండదు. టోనర్ అంటే సన్నటి ప్లాస్టిక్ పొడి. లేజర్ వెలుగు డ్రమ్ మీద అక్షరాల ఆకారంలో చార్జ్ మారుస్తుంది. పొడి అక్కడే అంటుకుని పేపర్ మీదకి వస్తుంది. ఫ్యూజర్ వేడికి కరిగి అతుక్కుపోతుంది. డ్రమ్ కూడా అరిగిపోతుంది. కొన్ని మోడల్స్‌లో అది టోనర్‌తో కలిసే వస్తుంది, కొన్నింటికి విడిగా కొనాలి.

ఇప్పుడు లెక్క. బాబాయి టోనర్ 3,000 రూపాయలు, బాక్స్ మీద 1,500 పేజీలు. అంటే పేజీకి 2 రూపాయలు. ఆయన కస్టమర్ దగ్గర తీసుకునేదీ 2 రూపాయలే! పేపర్, కరెంటు ఖర్చు చేతి నుంచే. ఎంత ఎక్కువ ప్రింట్ తీస్తే అంత నష్టం!

ఇంకోటి, బాక్స్ మీద ఉన్న లెక్క పేజీలో సుమారు 5% మాత్రమే నలుపు ఉంటే. ఫోటోలు వేస్తే ఇంకా త్వరగా అయిపోతుంది.

రీఫిల్ చవకే. కానీ కొన్ని కార్ట్రిడ్జ్‌లలో చిప్ ఉంటుంది, ఒప్పుకోదు. కొనేముందే అడగండి.

సో, ప్రింటర్ రేటు కాదు, పేజీ రేటు చూడండి. మీ ప్రింటర్‌కి ఎంతొచ్చిందో కామెంట్ చేయండి. బై!