బడిగంట మ్రోగిన పిమ్మట
(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



పదవ తరగతిలో హెచ్చు మార్కులు గడించిన బాలబాలికలకు ఏటేట మన సభలో బహుమతుల నిచ్చుట ఆచారమై యున్నది. అది మంచి ఆచారమే. దానిని మానుడని నేను చెప్పను. కాని బడిగంట మ్రోగిన పిమ్మట దీపములు పెట్టువేళవరకు గల ఆ రెండు గంటల కాలమున మన పిల్లలేమి చేయుచున్నారో మనము ఒకనాడైనను విచారింపలేదు. నేడు ఆ రెండు గంటలను గూర్చియే మనవి చేయదలచితిని.

ఉన్నత పాఠశాలయందు పుస్తకములకు వెలుపల దొరకదగిన శిక్షణములు పెక్కులు గలవు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ జట్లు గలవు. పరుగు పందెములు, బరువులెత్తుట గలవు. స్కౌటుదళము, బాలికలకు గైడుదళము, 1948వ సంవత్సరపు చట్టముచే నేర్పడిన నేషనల్ కేడెట్ కోర్, జూనియర్ రెడ్‌క్రాస్ గలవు. నాటక సమాజము, వక్తృత్వ సంఘము, విజ్ఞాన సంఘము మున్నగునవి ఉపాధ్యాయుడు తలచుకొనినచో స్వల్పవ్యయముతోనే నెలకొల్పవచ్చును. 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము పాఠశాలకు ఆటస్థలము, గ్రంథాలయము, ఆటవస్తువులు ఉండవలెనని తన అనుబంధమున విధించినది. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము పాఠ్యవిషయములకును, పాఠ్యేతర విషయములకును నడుమ గట్టి గోడ యుండరాదని చెప్పినది. శాసనము మనవైపే యున్నది. అయినను పలుచోట్ల కాలపట్టికలో ఆటకు వ్రాసిన గంట, పరీక్షలు సమీపింపగానే గణితమునకు చేరుచున్నది. తలిదండ్రులమగు మనము దానిని చూచి సంతోషించుచున్నాము గాని ప్రశ్నించుట లేదు.

మన ప్రాంతమునకు ఇట్టి సంఘములు క్రొత్తవి కావు. విజయనగరమున ఆనందగజపతి ప్రభువుల పేరిట వాదసభ యొకటి యుండెను. 1889లో గురజాడ అప్పారావుగారు దానికి ఉపాధ్యక్షులుగా నెన్నుకొనబడిరి. 1892లో ఆ పట్టణమందే జగన్నాథవిలాసినీ సభవారు కన్యాశుల్క నాటకమును తొలిసారిగా ప్రదర్శించిరి. ఎదుటివాని మాటను ఓపికతో విని, లేచి నిలిచి బదులు చెప్పుటయు, పదిమంది కూడి యొక కార్యమును కడవరకు నడపుటయు ఇట్టి సమాజములందే అలవడును. పుస్తకమును ఒంటరిగా చదువవచ్చును. సభను ఒంటరిగా నడపరాదు.

దేహశిక్షణకు కోడి రామమూర్తి నాయుడుగారి చరిత్రమే మనకు చాలును. 1882లో వీరఘట్టమున జన్మించిన ఆ మహాబలుడు గుండెలపై ఏనుగు నెక్కించుకొనిన కథను మన పిల్లలకు చెప్పుచునే యున్నాము. కాని ఆయన మదరాసు సైదాపేటలో వ్యాయామశిక్షణము పొంది వచ్చి, విజయనగరములో తాను చదివిన పాఠశాలయందే వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసెనన్న సంగతిని చెప్పుట మరచితిమి. సర్కసు డేరాలోనికి పోకమున్ను ఆయన బడిపిల్లలకు గురువు. శ్రీకాకుళమున క్రీడామైదానమునకు ఆయన పేరు పెట్టుకొంటిమి. ఆయన చేసిన ఉద్యోగమునకు మాత్రము మన యిండ్లలో గౌరవము తక్కువ. ‘డ్రిల్లు మాస్టరు’ అని తేలికగా పలుకుదుము.

మన కాలమునకు వత్తము. ఆముదాలవలస చెంత ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లేశ్వరి పండ్రెండేండ్ల ప్రాయమున నీలంశెట్టి అప్పన్నగారి శిక్షణలో బరువులెత్తుట ప్రారంభించెను. స్త్రీలకు బరువులెత్తుటలో ప్రపంచ పోటీలు 1987లో గాని మొదలు కాలేదు. ఒలింపిక్ క్రీడలలో ఆ పోటీ స్త్రీలకు 2000వ సంవత్సరమున సిడ్నీలో గాని చేర్చబడలేదు. అనగా, ఈ బాలిక ఇనుపకడ్డీని చేతబట్టిననాటికి ఆమె పోవలసిన ద్వారమును ఇంకను ఎవరును తెరువనే లేదు. ఆమె 1994, 1995 సంవత్సరములలో ప్రపంచ విజేత యయ్యెను. సిడ్నీలో 69 కిలోల తరగతియందు 110, 130, వెరసి 240 కిలోల నెత్తి కాంస్యపతకము నందుకొని, ఒలింపిక్ పతకము పొందిన ప్రథమ భారతనారి యని కీర్తిగాంచెను. విజయనగరము జిల్లా కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలయందు 53 కిలోల తరగతిలో తొలుత మూడవ స్థానమున నిలిచెను. ప్రథమస్థానము పొందిన వనిత నిషిద్ధౌషధమును సేవించినట్లు పరీక్షలో తేలగా, రజతపతకము సంతోషికి దక్కెను. ఈ పల్లెపడుచుల విజయమునకు కలిమి కారణము కాదు. ప్రతిదినమును వచ్చి దగ్గర నిలుచు గురువు కావలెను. పిల్లను పంపుటకు వెనుదీయని యిల్లు కావలెను. ఈ రెండును గలచోట తక్కినవి మెల్లగా సమకూరును.

అయితే పతకములు నూరుమందిలో ఒక్కనికైనను రావు. తక్కినవారికేమి లాభమని మీరడుగవచ్చును. మన ప్రాంతపు స్థితిని తలచుకొనుడు. వంశధార, నాగావళి నదుల నడుమనున్న పల్లెలనుండి ఎందరో పొట్టకూటికై హైదరాబాదు, చెన్నపట్టణము మొదలగు దూరస్థలములకు వలసపోవుచున్నారు. పిల్లలు తాతయొద్దనో, అవ్వయొద్దనో బడికి పోవుచున్నారు. సాయంకాలము ఇంట పలుకరించువారు లేని బాలునికి తోడు చేతిలోని ఫోను; కాదేని వీథి చివర కాచుకొనియున్న చెడుసహవాసము. అదే బాలుడు జట్టులో నొకడయ్యెనా, ఒకనాడు రానిచో తక్కిన ఆరుగురును వాని యింటికి పోయి ఏల రాలేదని అడుగుదురు. ఆ ప్రశ్నకు వెలకట్టగలమా?

మన చెడుగుడులోనే, నేటివారు కబడ్డీ యనుదానిలోనే, ఒక గొప్ప నీతి యున్నది. కూతకు పోయి పట్టుబడినవాడు గీటు వెలుపల కూర్చుండును. వాని పక్షమువారు ఎదుటివారిలో నొకని పడగొట్టినపుడు వాడు తిరిగి బ్రతికి లోపలికి వచ్చును. ఓడినవానిని జట్టు మరల బ్రతికించును. పరీక్షలో తప్పిన బాలునికి ఈ పాఠమును చెప్పు పుస్తకమేది?

దేహబలము చాలని పిల్లలకును చోటున్నది. టెక్కలి చెంత తేలినీలాపురమునకు ఏటేట వచ్చి గూళ్లు కట్టుకొను గూడబాతులను, ఎఱ్ఱకాళ్ల కొంగలను లెక్కించి వ్రాసిపెట్టు ప్రకృతి సంఘము చుట్టుప్రక్కల బడులలో ఉండవచ్చును. సాలిహుండము, రామతీర్థములందలి బౌద్ధావశేషములను చూచి వచ్చి తోడిపిల్లలకు వివరించు చరిత్ర సంఘము ఉండవచ్చును. యాదవులు కాపాడుకొని వచ్చిన తప్పెటగుళ్లను అన్ని కులముల పిల్లలును నేర్చుకొనవచ్చును. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస ప్రాంతమును నేలమట్టము చేసినది. అట్టి తుపానులు మరల వచ్చుచునే యుండును. గాయమునకు కట్టు కట్టుటయు, ముసలివారిని ఎత్తయిన చోటికి చేర్చుటయు నేర్చిన పిల్లలు ఊరూర పదిమంది యుండుట ఎంత మేలు!

ఇంత మేలున్నను మన పిల్లలు ఏల నిలువలేకున్నారు? బంతి వెల ఎంత? పదిమంది చందా వేసికొన్న దొరకును. పేదబాలునికి బంతికంటె గంట ప్రియము. ఆ గంటలో పశువులను తోలుకొని రావలెను, చెల్లెలిని ఎత్తుకొనవలెను. ఊరికి పోవు కడపటి బస్సును అందుకొనవలెను. మధ్యాహ్నము తిన్న అన్నము సాయంకాలపు ఆటకు చాలదు. బాలికల సంగతి మరియు కష్టము. ఎనిమిదవ తరగతి దాటగానే, ‘ఎదిగిన పిల్లకు ఆటలేల?’ అని యింటివారే మాన్పింతురు. చీకటిపడిన దారి, మైదానముచెంత మరుగుదొడ్డి లేకుండుట, నలుగురు నవ్వుదురను భయము అందుకు తోడగును. మల్లేశ్వరి పేరు చెప్పుకొని గర్వించు మనము, మన యింటి బాలికను మైదానమునుండి వెనుకకు పిలుచుట న్యాయమా?

ఇక సంకోచింపక చెప్పవలసిన మాట యొకటి కలదు. మనది కులసంఘము. మనవారి మేలు కోరి స్థాపించుకొంటిమి. పూర్వము పెక్కు కులసంఘములు పట్టణములలో విద్యార్థి వసతిగృహములను కట్టి, పల్లెబిడ్డలకు ఉన్నతవిద్యను దూరము కాకుండ చేసెను. ఆ పని ఒక కులమువారు తమకుతాము చేసికొనదగినదే. ఆట అట్టిది కాదు. కబడ్డీకి ఏడుగురు, వాలీబాల్‌కు ఆరుగురు, ఖోఖోకు తొమ్మండుగురు మైదానమున నిలువవలెను. ఎదుట మరల అంతమంది కావలెను. ఊరి బడిలో మన పిల్లలనే యేరి జట్టు కట్టుదమన్నచో జట్టే యుండదు, ఉన్నను గెలువదు. మన బిడ్డ బాగుగా ఆడవలెనన్న, వాని ప్రక్కన నిలుచు పరుల బిడ్డయు బాగుగా ఆడవలెను. వాని కాలికి బూట్లు లేనిచో మనవాని జట్టే ఓడును.

హోదా జట్టును కాపాడలేదనుటకు విజయనగరపు చరిత్రలోనే సాక్ష్యమున్నది. మహారాజకుమారుడు ‘విజ్జీ’ గారు క్రికెట్టును ఎంతయో పోషించిరి. 1930–31లో హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి ప్రఖ్యాతులను మన దేశమునకు రప్పించిరి. అది కొనియాడదగినదే. కాని 1936లో ఇంగ్లండునకు పోయిన భారతజట్టునకు ఆయన నాయకుడగుటకు ఆటనేర్పుకంటె కలిమియు, పలుకుబడియు ఎక్కువ తోడ్పడెను. మూడు టెస్టులలో కలిపి ఆయన చేసిన పరుగులు 33. జట్టులో కక్షలు పెరిగెను. లాలా అమరనాథ్ వంటి మేటి ఆటగాడు నడుమనే యింటికి పంపబడెను. భారతజట్టు రెండు టెస్టులలో ఓడి, ఒకటి సరిసమానముగా ముగించి తిరిగివచ్చెను. మైదానమున వంశము పరుగులు చేయదు.

కావున ఈ మహాసభవారి యెదుట నాలుగు సూచనల నుంచుచున్నాను. మొదటిది: మార్కుల బహుమతులతోపాటు, ఏడాది పొడవున ఒక జట్టులోనో, సంఘములోనో విడువక పనిచేసిన విద్యార్థులకును బహుమతు లీయవలెను. గెలుపునకు గాక నిలుకడకు ఈయవలెను. రెండవది: విద్యానిధిలో నొక భాగమును ఊరి ప్రభుత్వోన్నత పాఠశాలకే యిచ్చి, సాయంకాలము ఆటకు నిలుచు పిల్లలందరకు, ఏ కులమువారైనను సరే, ఉడికించిన సెనగలో, వేరుసెనగ ఉండలో పెట్టించి, దూరపు పిల్లలను ఇండ్లకు చేర్చు ఆటోబండికి కిరాయి యిప్పించవలెను. ఆ బంతులమీదను, ఆ బండిమీదను మన సంఘము పేరు వ్రాయనక్కరలేదు. మూడవది: బాలికల ఆటకు మన సోదరీమణులలో ఇద్దరేసి వంతులవారీగా మైదానమునకు పోయి కూర్చుండవలెను. తల్లి చెంతనున్నదన్న ధైర్యమే పిల్లకు సగము బలము. నాలుగవది: సైన్యమునుండియు, పోలీసు శాఖనుండియు, ఉపాధ్యాయవృత్తినుండియు విరమించిన పెద్దలు మనలో నెందరో కలరు. వారానికి రెండు సాయంకాలములు బడికి ఇచ్చినచో వారి ఆరోగ్యమునకును మంచిది.

చదువు చెడునని కొందరు భయపడుదురు. దినమునకు ఒక గంట ఆడిన పిల్లవాడు రాత్రి నిద్రించును. నిద్రించినవాడు ఉదయమున చదువును. అర్ధరాత్రివరకు ఫోను చూచినవాడు తరగతిలో కన్నులు మూయును. ఏది చదువును చెరుచుచున్నదో మీరే చెప్పుడు. కళాశాలలందును, ఉద్యోగములందును క్రీడాకారులకు కొన్ని స్థానములున్నమాట నిజమే. కాని ఆ స్థానమునకై మాత్రమే పిల్లను ఆడించుట తగదు. అది దొరకనినాడు పిల్లకు ఆటయందును, తనయందును విరక్తి పుట్టును.

మన డబ్బు మనవారికే చెందవలెనను వారికి నా మనవి యిది. ఊరి మైదానము బాగుపడిన మొదట బాగుపడువారిలో మన బిడ్డలుందురు. కాని వారు ఒంటరిగా బాగుపడరు. రేపు వీరు పెరిగి కర్మాగారములోనో, కార్యాలయములోనో, గ్రామసభలోనో అన్ని కులములవారితో కలిసి పనిచేయవలసినవారే. బాల్యమున ఒకే గీటు వెనుక నిలిచి ఊపిరి బిగబట్టినవారు పెద్దయైన పిమ్మట ఒకరినొకరు పరాయివారని తలపరు. కులసంఘము తన పిల్లలకు ఈయగల కానుకలలో పరుల స్నేహమే పెద్దదని నా విశ్వాసము.

ఈ సూచనలను తీర్మానముగా స్వీకరించి, వచ్చు బడిసంవత్సరమున కనీసము ఒక్క పాఠశాలయందైనను ఆచరణలో పెట్టవలెనని ప్రార్థించుచున్నాను.