మగ్గం గుంటలో మన ఊరి పుట్టుక



మనలో చాలామందిమి గుంటమగ్గంలో కాళ్ళు పెట్టి నేసినోళ్ళం. ఆ గుంట గోడను ఎప్పుడైనా నిదానంగా చూసినామా? పైన నల్ల కరిసల్ మన్ను. ఇంకొంచెం లోతుకు పోతే తెల్లటి సున్నపు గడ్డలు. నీళ్ళలో కరిగిన సున్నం, తేమ ఆరిపోయినాక అట్ల గడ్డకట్టుతుంది. మన ఆలంగుళంలో సిమెంటు ఫ్యాక్టరీ పెట్టింది కూడా ఈ పక్క సున్నపురాయి ఉన్నందుకే.

దగ్గర్లోనే, వైప్పారు ఒడ్డున వెంబకోట్టైలో, 2022 నుంచి తమిళనాడు పురావస్తు శాఖ తవ్వకాలు చేసింది. శంఖం గాజులు, పూసలు, చిన్న చిన్న రాతి పనిముట్లు దొరికినాయి. వాటితోబాటు నడుమ బెజ్జమున్న మట్టి బిళ్ళలు! అవేమిటో మన అవ్వలను అడిగితే చాలు, పుస్తకం అక్కర లేదు: కదురు బిళ్ళలు. నూలు వడికినోళ్ళు ఇక్కడ అంత పాతకాలం నుంచే ఉండినారు.

ఇప్పుడు మగ్గాలు తీసేసి, గుంటలు పూడ్చి, టైల్స్ వేస్తున్నాం. పూడ్చే ముందు ఒక ఫోటో తీయండి. నలుపు ఎన్ని అడుగుల దాకా ఉందో కొలిచి రాసుకోండి. పాత పెంకో, బిళ్ళో కనబడితే కడగొద్దు, కదిలించొద్దు. తాసిల్దారు ఆఫీసుకు చెప్పండి. ఎంత లోతులో, ఏ మన్నులో ఉండిందో తెలియకుంటే దాని వయసు చెప్పడం చాలా కష్టం.