ఓట్ల ఖర్చుకూ లెక్క ఉంది



మన పొదుపు సంఘం డబ్బుతో టీ తాగినా పుస్తకంలో రాస్తాం. నెల నెలా చదివి వినిపిస్తాం. ఎమ్మెల్యేకు, ఎంపీకి నిలబడ్డవాళ్లు కూడా అలాగే లెక్క రాయాలి. 1951లో వచ్చిన ప్రజాప్రాతినిధ్య చట్టం ఈ మాట చెబుతుంది. చట్టం పేరుకు నోరు తిరగదు గానీ సంగతి తేలికే.

నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం చెప్పిన రోజు దాకా అయిన ఖర్చంతా రాయాలి. ఆ పుస్తకంలో మూడు రంగుల కాగితాలుంటాయి. తెల్ల కాగితాల మీద ఏ రోజు ఖర్చు ఆ రోజు రాయాలి. గులాబీ కాగితాలు చేతి డబ్బుకు. పసుపు కాగితాలు బ్యాంకు డబ్బుకు. ఎన్నికల కోసమే బ్యాంకులో వేరే ఖాతా తెరవాలి.

జీపులు, మైకులు, పోస్టర్లు, సభకు షామియానా, తిరిగే కార్యకర్తలకు భోజనం. ఇలాంటివాటికి ఖర్చు పెట్టొచ్చు. అయితే హద్దుంది. 2022లో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎమ్మెల్యేకు 40 లక్షలు, ఎంపీకి 95 లక్షలు అని పెట్టారు. పార్టీ చేసే ప్రచారానికి మాత్రం హద్దే లేదు! ఇదేం న్యాయమో నాకైతే అర్థం కాదు.

మరి ఓటుకిచ్చే నోటు, చీర, ముక్కుపుడక? వాటికి ఏ రంగు కాగితంలోనూ చోటు లేదు. హద్దు లోపల ఇచ్చినా నేరమే. "చీర తీసుకుని, ఓటు మనకు నచ్చినవాళ్లకే వేస్తే?" అని మీలో కొందరు అడుగుతారు. ఓటు కోసమని తీసుకోవడమే నేరం అక్కా. ఇచ్చినవాళ్లకూ, పుచ్చుకున్నవాళ్లకూ ఏడాది దాకా జైలు పడొచ్చు, జరిమానా పడొచ్చు, రెండూ పడొచ్చు. ఓటు కోసం మందు పోయించినా, విందు పెట్టినా జరిమానా.

ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఈ లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే మూడేళ్లు పోటీ చేయకుండా ఎన్నికల సంఘం ఆపుతుంది. గెలిచినవాళ్లయినా, ఓడినవాళ్లయినా ఒకటే.

ఆ లెక్కను మనమూ చూడొచ్చు. ఎవరైనా సరే, ఒక్క రూపాయి కడితే చూపించాలని నిబంధన ఉంది. మన వీధిలోకి ఎన్ని జీపులొచ్చాయో మన కళ్లతో చూశాం. కాగితంలో ఎన్ని రాశారో ఇప్పుడు చదవగలం. నలుగురం కలిసి ఒకసారి వెళ్దామా?

ఈలోగా చిన్న పని. కరపత్రం వస్తే పొయ్యిలో పెట్టకండి. దాని మీద అచ్చేసినవారి పేరు, వేయించినవారి పేరు, చిరునామాలు ఉండాలి. వెతికి చదవండి. లేకపోతే 1950 నంబరుకు ఫోను చేసి చెప్పొచ్చు.