రిజిస్టరుకెక్కని వృత్తి
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి అయిదేండ్లు నిండిన ఏ పాఠశాలలోనైనా అన్నిటికన్న విలువైన పుస్తకం గ్రంథాలయంలో ఉండదు. ప్రధానోపాధ్యాయుని బీరువాలో ఉంటుంది. అదే ప్రవేశాల రిజిస్టరు. పాతకాలపు పద్ధతిలో అందులో విద్యార్థి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, తండ్రి వృత్తి వరుసగా వ్రాసేవారు. షోలాపూరు తెలుగు పిల్లల విషయంలో ఆ వృత్తి ఒకనాడు మగ్గం పని, మరొకనాడు మిల్లు పని, ఆపైన మరమగ్గం పని. తల్లి వృత్తికి గడి లేదు. తెల్లవారకముందే లేచి, ఒడిలో చాట పెట్టుకొని, దీపాలు పెట్టేవేళ దాటినా బీడీలు చుట్టిన తల్లి లోకం దృష్టిలో "ఇంట్లోనే ఉంటుంది."

షోలాపూరు తెలుగువారి చరిత్ర చెప్పవలసివచ్చినప్పుడు వక్తలు మగ్గంతో మొదలుపెట్టడం ఆచారం. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి పద్మశాలీలు వలస రావడం, 1870ల దశకం నుంచి నూలు మిల్లులు వెలయడం, షోలాపూరు దుప్పటి దేశమంతటా పేరు పొందడం, మార్కండేయ రథోత్సవం, ఇవన్నీ చెప్పదగినవే. అయితే మిల్లులు మూతపడి, మరమగ్గాలకు గిరాకి తగ్గిన రోజులలో ఇంటిలో పొయ్యి ఆరకుండా చూసినది ఎవరి సంపాదన అన్న ప్రశ్నను ఆ ప్రసంగాలు తరచు దాటిపోతాయి. దానికి సమాధానం తునికాకు వాసన వేసే చేతులలో ఉన్నది.

ఆ పని ఎరుగనివారు ఈ సభలో కొద్దిమందే ఉండవచ్చు. ఆ కొద్దిమంది కోసం చెప్పవలసి ఉన్నది. ముందుగా ఆకును నీటిలో తడిపి, తడిగుడ్డలో చుట్టి మెత్తబడనీయాలి. రేకుతో చేసిన కొలతను ఆకుపై పెట్టి, ఈనెలు తప్పించి కత్తెరతో కోయాలి. కోసిన ముక్కలో పొగాకు సమంగా పరచి, వ్రేళ్ల కొనలతో చుట్టి, కొన మడిచి, దారంతో బిగించాలి. ఇరవై అయిదింటికి ఒక కట్ట. నలభై కట్టలైతే వెయ్యి. ఆ ఇళ్లలో దినమంతా ఆ వెయ్యి లెక్కమీదనే నడుస్తుంది. వంట, నీళ్లు, పిల్లలను బడికి పంపడం, అన్నీ కట్టకూ కట్టకూ మధ్య జరిగిపోతాయి. కూలి కూడా గంటలకు గాక వెయ్యికే లభిస్తుంది. పిల్లకు జ్వరం వచ్చిన రోజు కూలి లేని రోజే.

అసలు పరీక్ష సరుకు అప్పగించేచోట మొదలవుతుంది. కట్టలు విప్పి చూచి, సన్నగా ఉన్నవని, బిగువు చాలదని కొన్నింటిని త్రోసిపుచ్చుతారు. త్రోసిన బీడీలకు కూలి ఉండదు. ఇచ్చిన ఆకు చాలకపోతే సొంత డబ్బుతో బజారులో ఆకు కొని లెక్క పూర్తిచేసిన స్త్రీలు ఎందరో. ఎదురు పలికితే మరునాడు ఆకు దొరకదేమోనన్న భయంతో మౌనం వహించినవారు అంతకన్న ఎక్కువ.

విచిత్రమేమనగా, ఆమెను ఇంతగా బాధించిన ఈ తిరస్కారాధికారమే న్యాయస్థానంలో ఆమెకు రక్షణగా నిలిచింది. 1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టం వచ్చినప్పుడు ఇంటివద్ద బీడీలు చేసేవారిని కూడా ఉద్యోగి అన్న మాట పరిధిలోనికి తెచ్చారు. 1977లో భవిష్యనిధి పథకం బీడీ పరిశ్రమకు వర్తించింది. అప్పుడు యజమానులు కొందరు, ఇంట్లో కూర్చుని తీరిక వేళల్లో చుట్టే స్త్రీలు తమ ఉద్యోగులే కారని వాదించారు. సుప్రీంకోర్టు 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో ఆ వాదాన్ని అంగీకరించలేదు. ప్రమాణానికి తగని బీడీని త్రోసివేసే హక్కు ఉన్నదంటే, పనిపై అజమాయిషీ ఉన్నట్లే. అజమాయిషీ ఉన్నచోట యజమాని, ఉద్యోగి సంబంధం ఉన్నట్లే అని నిర్ణయించింది. పని ఇంటి వసారాలో జరిగినంత మాత్రాన అది కాలక్షేపం కాబోదు. బడి ముఖం చూడని స్త్రీ పేరున భవిష్యనిధి ఖాతా తెరుచుకోవడానికి దారి ఇట్లా సుగమమైంది.

ఆ ఖాతాతోపాటు వచ్చిన గుర్తింపు కార్డు విలువ తల్లులకు బాగా తెలుసు. బీడీ కార్మికుల సంక్షేమ నిధి 1976లో ఏర్పడింది. దాని నుంచి వైద్యసహాయం, పిల్లలకు విద్యార్థి వేతనం అందాయి. ఆ విద్యార్థి వేతనం దరఖాస్తుకు తల్లి కార్డు జతచేయవలసి వచ్చేది. రిజిస్టరులో చోటు లేని తల్లి వృత్తి ఆ విధంగా బడి కార్యాలయంలోనికి ప్రవేశించింది. ఆ నిధికి ఆధారమైన సెస్సు 2017లో జీఎస్టీ రాకతో రద్దయినది. 1966 నాటి చట్టం కూడా 2025 నవంబరులో అమలులోనికి వచ్చిన కొత్త కార్మిక స్మృతులలో కలిసిపోయినది. పేరు మారిన చట్టంలో పాత హక్కు ఎక్కడ ఉన్నదో వెదకి చెప్పగల చదువరులు ఈ పాఠశాల పూర్వ విద్యార్థులలో లేకపోలేదు. వారి తల్లులకు ఆ చదువు ఇప్పుడు అక్కరకు రావాలి.

కార్డు తరువాత ఇల్లు. కుంభారి వద్ద గోదూతాయి పరుళేకర్ పేరిట వెలసిన కాలనీలో 10,000 ఇళ్లు మహిళా బీడీ కార్మికుల సహకార సంఘం ద్వారా నిర్మితమయ్యాయి. నరసయ్య ఆడం నాయకత్వంలో సాగిన దీర్ఘపోరాటం ఫలితమది. 2006లో ఆ ఇళ్లు కార్మికులకు దక్కాయి. (వార్లీ ఆదివాసుల మధ్య జీవితం ధారపోసిన గోదావరీ పరుళేకర్ పేరు తెలుగు నేతపేట స్త్రీల నోట ప్రతిదినం పలకడం గమనింపదగిన సంగతి.) ఆ తరువాత రేనగర్ పథకంలోని 30,000 ఇళ్లలో 15,000 ఇళ్లను 2024 జనవరిలో అసంఘటిత కార్మికులకు అప్పగించారు. అద్దెగదిలో చాట పెట్టుకొనే చోటు కోసం ఇంటి యజమానురాలితో మాటలు పడిన స్త్రీకి సొంత గడప అంటే ఏమిటో వేరుగా వర్ణించనక్కరలేదు.

ఇంత చెప్పినా ఒక సత్యాన్ని కప్పిపుచ్చరాదు. బీడీ ఆరోగ్యానికి హానికరం. త్రాగేవానికే కాదు, పొగాకు ధూళిలో దినమంతా కూర్చునే స్త్రీకి కూడా. దగ్గు, మెడనొప్పి, నడుమునొప్పి ఆ వృత్తి వెంట వచ్చేవే. ఏ తల్లీ తన కూతురు చాట పట్టాలని కోరడం లేదు. కాని ప్రత్యామ్నాయం చూపకుండా ఆ పని మానుమని ఉపదేశించడం కడుపు నిండినవారి మాట. ఇతర వృత్తి చూపినా, అందులో కార్డు, భవిష్యనిధి, తిరస్కరించిన సరుకుపై అడిగే హక్కు లేకపోతే, ఆమె వెనుకటి స్థితికే మరలినట్లవుతుంది. రెడీమేడు దుస్తుల కుట్టుపనికి ఇంటికి గుడ్డ తెచ్చుకొనే కూతుళ్లు ఈ మాట మనసులో పెట్టుకోవాలి. బట్ట మారినది గాని, ముక్కకింత అనే లెక్క మారలేదు.

సరిహద్దు సంగతి ఒకటి. తెలంగాణ ప్రభుత్వం 2015లో బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల పింఛను ప్రారంభించి, 2019లో 2,016 రూపాయలు చేసింది. నిజామాబాదులో అక్క, షోలాపూరులో చెల్లెలు ఒకే ఆకు చుట్టినా, ఆ పింఛను అక్క ఉన్న రాష్ట్రానిదే. పుట్టినిల్లు అక్కడ, బ్రతుకు ఇక్కడ అయిన స్త్రీ తన హక్కును ఇక్కడి ప్రభుత్వాన్ని ఇక్కడి భాషలో అడగవలసి ఉంటుంది. తెలుగు మాధ్యమ పాఠశాలలో మరాఠీని శ్రద్ధగా నేర్పడానికి ఇంతకన్న బలమైన కారణం అక్కరలేదు.

మహారాష్ట్రలో 2024 మే 1 తరువాత పుట్టిన పిల్లల పేరులో తల్లి పేరు తప్పనిసరి అయినది. బిడ్డ పేరు, వెంటనే తల్లి పేరు, ఆ పిమ్మట తండ్రి పేరు. ఆ పిల్లలు మొదటి తరగతికి వచ్చే సంవత్సరానికి ఈ పాఠశాల కార్యాలయంలో కొత్త రిజిస్టరు తెరుస్తారు. పేరు ప్రభుత్వమే వ్రాయిస్తుంది. ప్రక్కనే తల్లి వృత్తికి ఒక గడి గీయించడం ప్రధానోపాధ్యాయుని చేతిలోని పని. అందులో "గృహిణి" అని వ్రాయబోయే ముందు, గుమాస్తా ఆ తల్లిని ఒక్కసారి అడగాలి.