ఎడమ, కుడి: తూకము ఎక్కడ తప్పినది?

త్రాసు ఒక ప్రక్కకు ఒరిగినపుడు, తేలికగా ఉన్న తట్టకు చిన్న రాయి కట్టి సరిచేయుదురు. దానిని పాసంగము అందురు. ఉపాయము సులభమే. కాని బరువైన తట్ట క్రింద చింతపండు ముద్ద అంటుకొని ఉన్నచో, రాయి కట్టుటకంటె ఆ ముద్దను గీకివేయుట మేలు గదా! మన యిండ్లలోని స్టీరియో యంత్రములకు ఉండు బ్యాలెన్సు మీట అట్టి పాసంగమే. ఎడమ స్పీకరుకు ఎంత ధ్వని, కుడి స్పీకరుకు ఎంత ధ్వని అని పంచియిచ్చునది ఆ మీట. దానిమీద చేయి వేయుటకు ముందు తూకము ఎక్కడ తప్పినదో కనుగొనవలెనని మనవి చేయుటయే నేటి నా ప్రసంగమునకు ఉద్దేశము.

ధ్వని ఏ దిక్కునుండి వచ్చినదో తెలియుటకు మనకు రెండు చెవులును కావలెను. ఎడమవైపున కాకి అరచినచో, ఆ కూత ఎడమ చెవికి రవంత ముందుగా, రవంత బిగ్గరగా చేరును. ఆ కాలభేదము సెకనులో 1000వ వంతైనను ఉండదు. అయినను మన మెదడు దానిని పసిగట్టును. మంద్రస్థాయి ధ్వనులకు ఈ కాలభేదమును, తారస్థాయి ధ్వనులకు బిగ్గరలోని భేదమును ముఖ్యమైన ఆధారములని ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రేలీ ప్రభువు 1907లో వివరించెను. ఈ రహస్యమును ఆధారము చేసికొని, ఆలన్ బ్లమ్లైన్ అను ఇంజనీరు 1931లో రెండు మార్గముల ధ్వనిముద్రణకు పేటెంటు కోరెను. తెరమీద నటుడు ఈ చివరనుండి ఆ చివరకు నడచుచున్నను, మాట మాత్రము ఒకే చోటునుండి వచ్చుట ఆయనకు వింతగా తోచినదని చెప్పుదురు. స్టీరియో గ్రామఫోను రికార్డులు అంగళ్లలో విస్తరించుటకు మాత్రము 1958వ సంవత్సరము రావలసివచ్చినది.

రెండు స్పీకర్లును ఒకే ధ్వనిని సమానముగా పలికినపుడు ఒక చమత్కారము జరుగును. ఆ ధ్వని రెండింటిలో దేనినుండియు వచ్చినట్లు తోచదు. నడుమ, ఏమియు లేని చోట నిలిచి పలికినట్లుండును. ఇదియే మన త్రాసుకు ముల్లు. పరీక్షకు ఖరీదైన రికార్డు అక్కరలేదు. ఒకే మార్గమున వచ్చు ధ్వని చాలును. మీడియం వేవు ప్రసారము అట్టిది. 1957 నాటి ‘మాయాబజార్’ వంటి చిత్రముల పాటలు తొలి రికార్డులలో అట్టివి. మీ యంత్రమునకు మోనో మీట ఉన్నచో దానిని నొక్కినను సరిపోవును. మీరు నిత్యము కూర్చుండు కుర్చీలో కూర్చుండి వార్తలు వినుడు. చదువువారి గొంతు రెండు స్పీకర్లకు సరిగా నడుమ నిలువవలెను. ఒక ప్రక్కకు జరిగినచో, తూకము తప్పినదన్నమాట.

అప్పుడైనను మీట జోలికి పోక, ముందు కొలత నాడా తీయుడు. కుర్చీనుండి ఒక్కొక్క స్పీకరుకు ఎంత దూరమో కొలువుడు. స్పీకర్ల నడుమ 2 మీటర్లున్నచో, కుర్చీ కూడ రెండింటికిని 2 మీటర్ల దూరమున ఉండుట మంచిది. సమబాహు త్రిభుజము ఏర్పడవలెను. ధ్వని సెకనులో 1000వ వంతు కాలమున సుమారు 34 సెంటీమీటర్లు మాత్రమే ప్రయాణించును. కుర్చీ ఒక స్పీకరుకు అంతమాత్రము దగ్గరైనను, ధ్వని అటునుండియే వచ్చుచున్నట్లు తోచును. ముందుగా చేరిన ధ్వని చెవిని తనవైపునకు లాగికొనుననియు, కొన్ని మిల్లీసెకనులు వెనుకబడిన ధ్వని దానికి సాటిగా వినబడవలెనన్న సుమారు 10 డెసిబెల్లులు హెచ్చుగా ఉండవలెననియు, జర్మనీ దేశస్థుడు హెల్మూట్ హాస్ 1949లో ప్రయోగపూర్వకముగా చూపెను. మీట బిగ్గరను సరిచేయగలదు; కాలమును వెనుకకు త్రిప్పజాలదు. కావున జరుపవలసినది మీటను కాదు, కుర్చీని.

తరువాత గదిని చూడుడు. ఒక స్పీకరు మూలకు ఒదిగి, రెండవది తెరచిన తలుపు ప్రక్కన ఉన్నచో, మూలనున్న దానికి మంద్రధ్వని హెచ్చును. ఆపై తీగలు. ఎర్రని కొనకు ఎర్రనిది, నల్లని కొనకు నల్లనిది రెండువైపులను ఒకేరీతిగా కలిపినారా? ఒకవైపున తారుమారైనచో గొంతు నడుమ నిలువక గదియంతయు చెదరును. మృదంగపు తొప్పి మోత పలుచబడును.

ఇంకను లోపము తీరకున్న, యంత్రమును ఆపివేసి, ఆంప్లిఫయరువద్ద ఎడమ తీగను కుడికి, కుడి తీగను ఎడమకు మార్చుడు. బలహీనత రెండవ ప్రక్కకు పోయినచో, దోషము ఆంప్లిఫయరులోనో దానికి ముందున్న సాధనములోనో ఉన్నది. పోకున్న, స్పీకర్ల స్థానములను మార్చి చూడుడు. బలహీనత స్పీకరు వెంట పోయినచో దోషము దానిది, లేదా దాని తీగది. అప్పటికిని అది ఉన్నచోటనే ఉన్నదా? మిగిలినది గది ఒక్కటి. వినువాని చెవి ఒక్కటి. స్పీకర్లకు వీపు పెట్టి కూర్చుండుడు. బలహీనమైన ప్రక్క మీతోపాటు తిరిగినచో, అది గది దోషము కాదు.

ఈ కడపటి పరీక్షను నేను చాల ఆలస్యముగా చేసితిని. మా యింట కొన్ని వారములపాటు ఎడమ స్పీకరు మందగించినట్లు తోచినది. మీటను దినదినము కొంచెముగా త్రిప్పుచు పోయితిని. గడియారములో 12 అంకెవద్ద ఉండవలసిన ముల్లు 10 వద్దకు చేరినది. తీగలు మార్చితిని, బీరువాను జరిపించితిని. ఒక సాయంకాలము కళాశాలనుండి వచ్చిన మా అమ్మాయి నా కుర్చీలో కూర్చున్నది. “నాన్నగారూ, ఎడమ స్పీకరు అంత గట్టిగా ఎందుకు పెట్టారు? పాడే ఆవిడ వెళ్లి కిటికీలో కూర్చున్నట్టుంది!” అన్నది. ఆమె లోనికి పోయిన పిదప కుర్చీని వెనుకకు త్రిప్పి కూర్చుంటిని. బలహీనమైన ప్రక్క నాతోపాటు తిరిగినది.

చెవిని నమ్ముకొని బ్రదుకు వెళ్లదీయువాడను. లోపము యంత్రమునందున్నదని అనుకొనుటయే నాకు సుఖముగా ఉండినది. చెవి వైద్యుని చూచితిని. ఆయన గడ్డకట్టిన గులిమిని తీసివేసెను. వినికిడి చాలవరకు తిరిగివచ్చినది. కాని పరీక్షలో ఎడమ చెవికి తారస్థాయి ధ్వనులు కొంత తగ్గినట్లు తేలినది. అది మరల రాదట. నాటినుండి స్టూడియోలో ఎడమ, కుడి తూకము నిర్ణయించునపుడు, పడుచువాడైన ఒక సహోద్యోగిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుచున్నాను. మొదటి దినమున అతనిని అడుగుటకు నోరు రాలేదు. ఇప్పుడు అలవాటైనది.

కావున శ్రోతలకు నా విన్నపము. ఒక ప్రక్క మందగించినట్లు తోచినపుడు ఇంటిలో మరియొకరిని అదే కుర్చీలో కూర్చుండబెట్టి అడుగుడు. ఒక చెవి హఠాత్తుగా వినబడకపోయినచో, రేపు మాపని జాగుచేయక వెంటనే వైద్యుని చూడుడు. కొన్ని వ్యాధులలో మొదటి కొలది దినముల చికిత్సయే పనిచేయును. పుల్లలతోను, పిన్నీసులతోను చెవిని కెలుకవలదు. ఒక చెవి మాత్రమే వినవచ్చు పెద్దలు ఇంటిలో ఉన్నచో, వారు తలకు తగిలించుకొను ఫోనులతో వినునపుడు యంత్రమును మోనోలో ఉంచుడు. లేనిచో ఒక ప్రక్క ముద్రించిన వీణయో, వయొలినో వారికి చేరకయే పోవును.

మరి ఆ మీట ఎందులకందురా? కుర్చీని జరుపుటకు వీలులేని యిరుకు గదిలో, అన్నియు చూచుకొన్న పిదప మిగిలిన రవంత తేడాకు అది పనికివచ్చును. పాసంగమునకు తగిన పని అదియే.

మా యింట ఇప్పుడు ఆ ముల్లు మరల 12 వద్దనే ఉన్నది. సాయంకాలము వార్తలు చదువు గొంతు నాకు మాత్రము నడుమనుండి రవంత కుడికి ఒరిగి వినిపించుచున్నది. ఇంటిలోని తక్కినవారికి అది సరిగా నడుమనే ఉన్నది. మీటను నేను ముట్టుకొనుట లేదు.